బోర్డో హోటలు, బెజవాడ స్టేషను

1940 జూన్ 14న జర్మన్ సైన్యం పారిస్‌లో అడుగుపెట్టింది. అప్పటికే ఫ్రాన్సు ప్రభుత్వం రాజధాని వదిలేసింది. మంత్రులు, వాళ్ళ గుమాస్తాలు, రాయబారులు, విలేకరులు, సినిమా తారలు, వాళ్ళ వెనకాల లక్షల మంది మామూలు జనం మూటాముల్లె కట్టుకుని దక్షిణానికి దారిపట్టారు. ప్రభుత్వం చివరికి బోర్డో అనే రేవుపట్నంలో దిగింది. ఆ ఊళ్ళో హోటళ్ళన్నీ కిటకిటలాడుతున్నాయి. దేశం చేజారిపోతోంది, అయినా పెద్దమనుషులు గుమాస్తా బల్ల దగ్గర నిలబడి గది కోసం పోట్లాడుకుంటున్నారు.

సరిగ్గా ఈ రోజుల మీద 2003లో ఒక ఫ్రెంచి సినిమా వచ్చింది. పేరు 'బోన్ వోయేజ్'. దర్శకుడు జాఁ పాల్ రాప్‌నో. ఆ సినిమా గురించి, దాన్ని చూసినప్పటి నుంచీ నన్ను వదలని ఒక కోరిక గురించి ఈ పూట మీతో మాట్లాడాలని వచ్చాను.

కథ పారిస్‌లో మొదలవుతుంది. వివియాన్ అనే సినిమా తార ఇంట్లో ఒక మనిషి చనిపోయి పడివున్నాడు. ఆమె తన చిన్ననాటి స్నేహితుడు ఫ్రెడరిక్‌ని పిలిపిస్తుంది. అతను ఇంకా పుస్తకం అచ్చుకాని కుర్ర రచయిత. ఆమె కన్నీళ్ళు పెట్టుకుంటే చాలు, ఏ పనికైనా సిద్ధం. శవాన్ని కారు డిక్కీలో వేసుకుని బయల్దేరతాడు, దారిలో ప్రమాదమై పట్టుబడతాడు, చెయ్యని హత్యకు జైలుకి వెళతాడు. ఇంతలో జర్మన్లు వచ్చేస్తున్నారు. ఖైదీలను కూడా ఊరు దాటించాల్సి వస్తుంది. ఆ గందరగోళంలో రౌల్ అనే తోటి ఖైదీతో కలిసి తప్పించుకుని, నిలబడడానికి చోటులేని రైలెక్కి బోర్డో చేరతాడు. వివియాన్ అప్పటికే అక్కడుంది. ఈసారి ఆమె ఒక మంత్రిగారి పక్కన ఉంది. మరోపక్క కామీ అనే అమ్మాయి, భౌతికశాస్త్రం చదువుకున్న పిల్ల, తన ప్రొఫెసరుతో కలిసి పెద్దపెద్ద సీసాల్లో ఏదో ద్రవం కారులో పెట్టుకుని తిరుగుతోంది. అది భారజలం. అణుపరిశోధనకు కావలసిన సరుకు. జర్మన్ గూఢచారులు దాని వెంటపడ్డారు.

వివియాన్‌గా ఇజబెల్ అజానీ, మంత్రిగా జెరార్ దెపార్దియూ, కామీగా వర్జీనీ లెద్వాయాఁ వేశారు. కథ అల్లిన వాళ్ళలో పాట్రిక్ మోదియానో ఒకరు. తర్వాత 2014లో సాహిత్యానికి నోబెల్ బహుమతి అందుకున్నది ఆయనే. యుద్ధకాలపు పారిస్ గురించి జీవితమంతా రాసిన మనిషి ఇలా పరుగులు తీసే కథకు చెయ్యివేశారంటే, ఈ సినిమాను వట్టి కాలక్షేపంగా తీసిపారెయ్యడం భావ్యం కాదు. రాప్‌నో 1932లో పుట్టారు. జనం రోడ్లకెక్కిన ఆ వేసవిలో ఆయనకి 8 ఏళ్ళు.

అజానీ నటనలో ఒక సంగతి మీకు చెప్పాలి. వివియాన్‌కి ఏ క్షణాన ఏడవాలో తెలుసు. మంత్రి ముందు ఒక రకంగా, ఫ్రెడరిక్ ముందు ఇంకో రకంగా ఏడుస్తుంది. కళ్ళు నిండుతాయి, గొంతు వణుకుతుంది, ఎదుటి మగవాడు కరిగిపోతాడు. వాడు అటు తిరగ్గానే ఆమె ముఖం ఆరిపోతుంది, తర్వాత ఏం చెయ్యాలా అని ఆలోచన మొదలవుతుంది. అంతా రెండు మూడు సెకన్ల పని. మనకు నవ్వొస్తుంది. అయితే ఆమె చెడ్డదని అనిపించదు. దేశం కూలుతున్నప్పుడు ఒంటరి ఆడమనిషికి ఉన్న ఆయుధం అదొక్కటే అని ఆ నటి మనచేత ఒప్పిస్తుంది.

ఈ భారజలం కథ కల్పన కాదు. నార్వేలో తయారైన సుమారు 185 కిలోల భారజలాన్ని 1940 మార్చిలో ఫ్రెంచి అధికారులు రహస్యంగా తమ దేశానికి తెచ్చుకున్నారు. జర్మన్లు ముంచుకొస్తుంటే దాన్ని కొంతకాలం రియోం అనే ఊరి జైల్లో దాచారు. ఆ డబ్బాలను మోసింది జైలు ఖైదీలే. చివరికి జూన్ 19న బోర్డో రేవు నుంచి 'బ్రూంపార్క్' అనే బొగ్గు ఓడలో అది ఇంగ్లండుకు వెళ్ళిపోయింది. హాల్బన్, కొవార్స్కీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ ఓడలోనే ఉన్నారు. వాళ్ళ పెద్ద ఫ్రెడరిక్ జోలియో క్యూరీ మాత్రం ఫ్రాన్సులోనే ఉండిపోయారు. ఓడ మునిగినా డబ్బాలు తేలాలని వాటిని తెప్ప మీద కట్టివుంచారట. నిజం ఇంత వింతగా ఉంటే రచయిత కొత్తగా కల్పించాల్సింది ఎంతని!

ఫ్రెంచివాళ్ళకి ఈ పద్ధతి కొత్త కాదు. రాప్‌నో మొదటి సినిమా 'లా వీ ద షాతో' కూడా యుద్ధకాలపు హాస్యమే. 1944లో మిత్రదళాలు నార్మండీ తీరాన దిగబోయే ముందు రోజుల కథ అది. 1966లో వచ్చిన 'లా గ్రాంద్ వద్రూయ్'ని ఫ్రాన్సులో కోటి 70 లక్షల మంది టికెట్టు కొని చూశారు. జర్మన్ల పాలనలో నాలుగేళ్ళు అవమానం భరించిన జనం, యుద్ధం ముగిసి రెండు దశాబ్దాలు దాటాయో లేదో, ఆ రోజుల మీద కడుపుబ్బ నవ్వుకున్నారు. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి నవ్వుకున్నారు. ఇది నాకు గొప్ప విషయంగా కనిపిస్తుంది.

ఇక మన ఊరి సంగతికి వస్తాను.

ఈ సినిమా చూస్తున్నంతసేపూ నాకు 1942 ఏప్రిల్ గుర్తొచ్చింది. నేను పుట్టక ముందటి సంగతే, పెద్దల నోట విన్నదీ పుస్తకాల్లో చదివిందీ. అయినా కృష్ణాజిల్లాలో పెరిగినవాళ్ళకి ఆ నెల పేరు చెబితే ఏదో ఒక ఇంటికథ తగులుతుంది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న ఆ నగరం జపాన్ చేతికి పోయింది. రంగూన్ రేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ పొట్టపోసుకుంటున్న తెలుగువాళ్ళు వేలకువేలు. ఓడ దొరికినవాళ్ళు ఓడలో, దొరకనివాళ్ళు కొండలూ అడవులూ కాలినడకన దాటుకుని తిరిగొచ్చారు. అందరూ రాలేదు. వచ్చినవాళ్ళకి కాందిశీకులని పేరుపడింది.

ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం, కొలంబో మీద దాడి. మర్నాడు, 6వ తేదీన, జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అవి 'ర్యూజో' అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు. అడ్మిరల్ ఒజావా నడిపిన ఆ దళం బంగాళాఖాతంలో సుమారు 20 సరుకు ఓడలను ముంచింది. విశాఖలో వాల్చంద్ హీరాచంద్ సింధియా ఓడల కర్మాగారానికి బాబూ రాజేంద్రప్రసాద్ పునాదిరాయి వేసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఊళ్ళ మీద జరిగిన నష్టం తక్కువే. భయం మాత్రం తీరమంతా పాకింది. సముద్రం వైపు చూడడానికే జనం జంకారు.

ఆ వారంలోనే మద్రాసు ఖాళీ అయింది. సర్కారు ఆఫీసులు లోపలి జిల్లాలకు కదిలాయి. పనిలేనివాళ్ళు ఊరు విడిచి వెళ్ళమని ప్రభుత్వమే చెప్పింది. బాంబులు పడి బోనులు పగిలితే జంతువులు వీధుల్లోకి వస్తాయని జంతుప్రదర్శనశాలలో పులుల్నీ సింహాల్నీ కాల్చేశారు. మద్రాసులో ఉద్యోగాలూ వ్యాపారాలూ చేసుకుంటున్న తెలుగువాళ్ళు పుట్టిన ఊళ్ళకి బయల్దేరారు. సినిమా కంపెనీలదీ అదే దారి. మన సినిమాలు చాలావరకు అప్పుడు మద్రాసులోనేగా తయారయ్యేది.

మద్రాసు నుంచి కలకత్తాకీ ఢిల్లీకీ పోయే రైలు ఏదైనా బెజవాడ మీదుగానే పోవాలి. ఒక్కసారి ఊహించండి. దక్షిణం నుంచి మద్రాసు వదిలిన జనం. ఉత్తరం నుంచి విశాఖ, కాకినాడ వదిలిన జనం. బర్మా నుంచి బతికి బయటపడిన కాందిశీకులు. వరంగల్లు వైపు నుంచి నైజాం రైలు. బందరు నుంచీ గుడివాడ నుంచీ చిన్న రైళ్ళు. మధ్యమధ్య సైనికులతో నిండిన ప్రత్యేక రైళ్ళు. స్టేషను దాటి కొంచెం నడిస్తే కాలవలు, వాటిలో పడవలు. గన్నవరంలో సైన్యం వాడుకునే విమానాల మైదానం. అప్పటికి ప్రకాశం బ్యారేజి లేదు. 1855లో పూర్తయిన పాత ఆనకట్టే డెల్టాకి నీళ్ళిస్తోంది. నదిని దాటించేది 1893 నాటి రైలు వంతెన. ఆ వంతెన, ఆ ఆనకట్ట ఈ రెండింటికీ ఏమైనా అయితే డెల్టా గతేమిటని ఎవరికి నిద్రపట్టి ఉంటుంది?

బోర్డోలో హోటలు ఏ పని చేసిందో, బెజవాడలో స్టేషను ఆ పని చేసింది. ఎవరెవరినో తెచ్చి ఒకచోట పడేసింది.

పైగా ఆ ఏడాది ఇక్కడ రహస్యాలకు కొదవలేదు. జర్మనీ, జపాన్ రేడియోలను చాటుగా వినేవాళ్ళు ఉన్నారు. సుభాష్ బోసు గొంతు వినిపిస్తుందేమోనని రాత్రిళ్ళు రేడియో ముందు కాపుకాసేవాళ్ళు ఉన్నారు. జూలైలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం తొలగింది. అది ప్రజాయుద్ధమని చెప్పి వాళ్ళు బాహాటంగా సభలు పెట్టుకున్నారు. అదే సమయంలో కాంగ్రెసువాళ్ళు రహస్యజీవితంలోకి వెళ్ళడానికి సిద్ధమవుతున్నారు. తంతి తీగలు కోయడం దగ్గర్నుంచి పన్నులు కట్టకపోవడం దాకా ఏమేం చెయ్యాలో చెప్పే ఆంధ్ర సర్క్యులరు చేతులు మారుతోంది. అది కర్నూల్లో పోలీసులకు దొరికింది కనుక కర్నూలు సర్క్యులరన్నారు. మొన్నటిదాకా ఒకే జైల్లో ఒకే పళ్ళెంలో తిన్న స్నేహితులు ఇప్పుడు ఒకరు వీధిలో ఉపన్యాసమిస్తుంటే ఒకరు పాకలో దాక్కున్నారు. బర్మా బియ్యం ఆగిపోవడంతో కృష్ణా డెల్టా ధాన్యం మీద అందరి కళ్ళూ పడ్డాయి. కంట్రోళ్ళు వచ్చాయి, వాటి వెంటే చాటుబేరాలూ వచ్చాయి. మిలటరీ కాంట్రాక్టులతో రాత్రికి రాత్రి డబ్బు చూసినవాళ్ళు ఉన్నారు. గూఢచారి కథ రాయాలంటే ఇంతకంటే ఏం కావాలి?

మనుషులు కూడా ఎలాంటివాళ్ళు ఉన్నారో చూడండి. నిమ్మకూరు నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఆ ఏళ్ళలోనే బెజవాడలో సైకిలు మీద తిరిగి హోటళ్ళకి పాలు పోసేవాడు, ఎస్.ఆర్.ఆర్. కాలేజీలో చదివేవాడు. విశ్వనాథ సత్యనారాయణ గారు అక్కడ తెలుగు మేష్టారు. 'రాచమల్లుని దౌత్యం' నాటకంలో నాగమ్మ వేషం ఇస్తే, మీసం తియ్యనని పట్టుపట్టి, మీసంతోనే ఆడవేషం వేశాడు. మీసాల నాగమ్మ అని కాలేజీ అంతా పిలిచింది. ఆ రోజుల్లోనే ఆ కుర్రాడు తన మేనమామ కూతుర్ని పెళ్ళి చేసుకున్నాడు. ఆయన నందమూరి తారక రామారావు. గుడివాడ దగ్గర రామాపురం కుర్రాడు అక్కినేని నాగేశ్వరరావు నాటకాల్లో ఆడవేషాలు వేస్తూ ఊరూరూ తిరుగుతున్నాడు. ఘంటసాల బలరామయ్య గారి కంట ఆయన పడింది ఎక్కడనుకున్నారు? బెజవాడ రైల్వే స్టేషనులోనే. 1944లో 'శ్రీ సీతారామ జననం'లో రాముడయ్యాడు. నూజివీడులో పుట్టిన ఎస్.వి.రంగారావు సినిమాల్లోకి రాకముందు బందరులోనూ విజయనగరంలోనూ ఫైర్ ఆఫీసరుగా పనిచేశారు. యుద్ధం రోజుల్లో ఫైర్ ఆఫీసరంటే మాటలా! పింగళి నాగేంద్రరావు గారు బందరులో డి.వి.సుబ్బారావు గారి ఇండియన్ డ్రమెటిక్ కంపెనీకి నాటకాలు రాశారు. వీళ్ళెవరూ కల్పిత పాత్రలు కారు.

మరి ఇంత ముడిసరుకు పెట్టుకుని తెలుగు సినిమా ఆ రోజుల్నే తెరమీదికి ఎందుకు తేలేదు? యుద్ధం నడుస్తున్నప్పుడు తేలేకపోవడానికి కారణాలు తేలిగ్గానే అర్థమవుతాయి. ముడిఫిల్ము విదేశాల నుంచి రావాలి. అది కరువైంది. సినిమా 11,000 అడుగులు మించకూడదని ప్రభుత్వం కట్టడి చేసింది. 1943 వచ్చేసరికి ముడిఫిల్ము కావాలంటే లైసెన్సు కావాలి. ఉన్న కాస్త ఫిల్ముని నమ్మకమైన కథ మీద పెట్టాలి కదా. 1942లో జెమినీ 'బాలనాగమ్మ' తెచ్చింది. 1943 జనవరిలో వాహినీవారి 'భక్త పోతన' వచ్చింది. ఒకటి మాయలమరాఠీ కథ, ఒకటి రాజుకు తలవంచని కవి కథ. జనం రెండింటికీ బ్రహ్మరథం పట్టారు. బెజవాడలో 1921 నుంచీ ఉన్న మారుతి హాలు లాంటి చోట్ల నేల టికెట్టు కొనుక్కుని, తెల్లారితే ఏ వార్త వినాలో తెలియని జనం, ఆ రెండు గంటలూ బాలనాగమ్మ ఎలా బయటపడుతుందో చూస్తూ కూర్చున్నారు. దాన్ని నేను తక్కువ చెయ్యను. ఆ పూటకి వాళ్ళకి కావలసింది అదే.

తమిళంలో మాత్రం యుద్ధప్రచారం కోసం కొన్ని సినిమాలు తీశారు. సేలంలో మోడరన్ థియేటర్స్ టి.ఆర్.సుందరం గారు 'బర్మా రాణి' తీశారు. జపాన్ పట్టులో ఉన్న బర్మాలో మన విమానదళం వాళ్ళు దిగిపోతే ఒక అమ్మాయి కాపాడే కథ. సాహసం, ప్రేమ, గూఢచర్యం అన్నీ ఉన్నాయి. కాని ప్రభుత్వం కోరిక మీద నవ్వించే నవ్వుకీ, జనం తమంతట తాము నవ్వుకునే నవ్వుకీ తేడా ఉంటుంది. ఆ సినిమా ఆ రోజులతోనే పోయింది.

యుద్ధం అయిపోయాకైనా మనం వెనక్కి తిరిగి చూశామా అంటే, లేదు. స్వాతంత్య్రం వచ్చింది, తెలంగాణ పోరాటం, ఆంధ్రరాష్ట్ర ఉద్యమం, కథలు వాటి వెంట పోయాయి. 1942 ఏప్రిల్ ఇంటి అరుగుల మీద కబుర్లలో మిగిలిపోయింది.

నా మటుకు నాకు అసలు బాధ ఇక్కడే. యుద్ధం పక్కన నిలబడి నవ్వించడం మనకు చేతకాదని ఎవరైనా అంటే ఒప్పుకోను. 1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్' ఏమిటి? శశిరేఖని లక్ష్మణకుమారుడికి కట్టబెట్టాలని శకుని ఎందుకంత ఆరాటపడతాడు? రేపు పాండవులతో యుద్ధం వస్తే బలరాముడు, కృష్ణుడు తమవైపు ఉండాలని. అది పెళ్ళిసంబంధం ముసుగేసుకున్న యుద్ధతంత్రం. కురుక్షేత్రం ముందున్నదని కథలో అందరికీ తెలుసు. అయినా తెరమీద పాండవులు ఒక్కసారి కూడా కనిపించరు. ఆ యుద్ధపు నీడలో ఒక ప్రేమజంట, ఒక దొంగపెళ్ళి, మారువేషాలు, మాయపెట్టె మీద నిలబడితే నిజం కక్కేసే శకుని. ప్రేమ, కుట్ర, హాస్యం, సాహసం, ఈ నాలుగింటినీ కె.వి.రెడ్డి గారూ పింగళి వారూ కలిపినంత తూకంగా ఏ ఫ్రెంచి దర్శకుడు కలిపాడో నాకు చూపించండి.

సావిత్రి గారిని తలుచుకోండి. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తాక, ఆమె ఆడపిల్ల చీరలో మగరాక్షసుడై నడుస్తుంది. భుజాలు విరుచుకుంటుంది, ఎవరైనా వస్తున్నారని తెలియగానే ఒళ్ళంతా ముడుచుకుని సిగ్గుపడుతుంది. పెళ్ళిపీటల మీద లక్ష్మణకుమారుడైన రేలంగి గారి కాలు తొక్కినప్పుడు చూడండి. కింద కాలు రాక్షసుడిది, పైన ముఖం పెళ్ళికూతురిది. అజానీ కన్నీళ్ళ గురించి ఇందాక చెప్పానే, ఆ విద్యని గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన మన సావిత్రి నలభై ఆరేళ్ళ ముందే చేసి చూపించారు. ఆ సినిమాలో కృష్ణుడు నిమ్మకూరు, అభిమన్యుడు రామాపురం, ఘటోత్కచుడు నూజివీడు. రచయిత పెరిగింది బందరు. 1942లో ఈ డెల్టాలో తిరిగిన కుర్రవాళ్ళే 15 ఏళ్ళ తర్వాత కలిసి యుద్ధం ముందటి నవ్వుని తెరకెక్కించారు. పురాణంలోకి వెళ్ళి చేశారు. తాము కళ్ళారా చూసిన కాలంలోకి వెళ్ళి చెయ్యలేదు.

చాలా ఏళ్ళకి, 2015 అక్టోబరులో, క్రిష్ దర్శకత్వంలో 'కంచె' వచ్చింది. తెలుగు కుర్రవాళ్ళు బ్రిటిష్ ఇండియా సైన్యంలో చేరి ఇటలీలో జర్మన్లతో పోరాడిన కథ. రెండో ప్రపంచయుద్ధంలో సుమారు 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో చేరారు. వాళ్ళలో మన ఊళ్ళవాళ్ళు ఉన్నారన్న సంగతి తెలుగు తెరకి గుర్తురావడానికి 70 ఏళ్ళు పట్టింది. ఉత్తమ తెలుగు చిత్రంగా దానికి జాతీయ బహుమతి వచ్చింది, రావలసిందే. సంభాషణలు తెనాలి మనిషి బుర్రా సాయిమాధవ్ రాశారు. యుద్ధరంగంలో దాసు పాత్ర వేసిన అవసరాల శ్రీనివాస్ మాట్లాడుతున్నప్పుడల్లా హాల్లో జనం తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడం నేను గమనించాను. భయపడే సైనికుడు, తనకు భయమని దాచుకోని సైనికుడు. ఆ పాత్ర ఇంకాస్త పెద్దదై ఉంటే బాగుండేదనిపించింది. అయితే 'కంచె' విషాదం. యుద్ధం అక్కడెక్కడో ఇటలీలో, పగ ఇక్కడ ఊళ్ళో. మన స్టేషనులోకి, మన కాలవగట్ల మీదికి యుద్ధం వచ్చిన కథ ఇంకా బాకీ ఉంది.

ఆ కథ నేను కొంత అల్లుకున్నాను. మీరు కాదనకపోతే చెబుతాను. బోర్డోలో భారజలం సీసాలు ఉన్నట్టు, బెజవాడలో ఫిల్ము డబ్బాలు ఉంటాయి. ముడిఫిల్ము కరువైన రోజులు, ఒక్కో ప్రింటు బంగారంతో సమానం. మద్రాసు నుంచి పారిపోయి వస్తున్న ఒక ప్రొడక్షన్ మేనేజరు తన చేతిలో ఉన్న ఒకే ఒక ప్రింటుని ప్రాణంలా పట్టుకుని బెజవాడలో దిగుతాడు. ఆ రైల్లోనే ఒక నటి, జనం గుర్తుపడతారని తలమీద ముసుగుతో. ప్లాట్‌ఫారం మీద ఒక కాలేజీ కుర్రాడు, చేతిలో కొన్ని కాగితాలు, అవి పోలీసులకు దొరికితే జైలే. కాగితాలు దాచడానికి ఫిల్ము డబ్బా కంటే మంచి చోటు ఏముంది? రీలు తీసి కాగితాలు పెడతారు, ఆ రీలు ఇంకెక్కడికో పోతుంది. హాల్లో ఆట మధ్యలో ఒక రీలు తక్కువవుతుంది. జనం ఈలలు, కేకలు. ఆపరేటర్ గదిలోకి సి.ఐ.డి. మనిషి వస్తాడు. బర్మా నుంచి నడిచి వచ్చిన ఒక ముసలాయన మాత్రం ఈ గోలకి చలించడు. అంతకంటే పెద్ద భయం చూసొచ్చినవాడు కదా. ఈ నలుగురూ పడవెక్కి ఏలూరు కాలవలోనో బందరు కాలవలోనో బయల్దేరాలి. లాకుల దగ్గర పడవ ఆగుతుంది. నీళ్ళు సమానమయ్యేదాకా తలుపులు తెరుచుకోవు, వెంటబడేవాళ్ళు గట్టు మీద సైకిళ్ళేసుకుని వచ్చేస్తుంటారు. ఇంతకంటే ఉత్కంఠగల దృశ్యం డెల్టా మనిషి ఊహించలేడు. లాకు తలుపుని తొందరపెట్టడం ఎవరివల్లా కాదని మనకి తెలుసుగా.

ఇలా చెప్పినప్పుడల్లా ఒక స్నేహితుడు నాతో పోట్లాడతాడు. ఆకలి చావులు, అడవుల్లో రాలిపోయిన కాందిశీకులు, తెనాలిలో కాల్పులు ఉన్న ఏడాది మీద హాస్యమా అంటాడు. కొట్టిపారేసే ప్రశ్న కాదది. 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. రణరంగ చౌక్ అని ఆ చోటుని ఇవాళ్టికీ పిలుస్తున్నాం. మరుసటి ఏడాది బెంగాలు కరువు. వీటి పక్కన నవ్వు పెట్టేవాడికి చెయ్యి వణకాలి.

రాప్‌నో దగ్గర నేర్చుకోవలసింది సరిగ్గా ఈ విషయంలోనే. ఆయన సినిమాలో రోడ్డు మీద మూటతో నడిచే జనాన్ని చూసి ఎక్కడా నవ్వడు. నవ్వంతా గదుల కోసం పోట్లాడే పెద్దమనుషుల మీద, దేశం లొంగిపోతుంటే ప్రియురాలి అలక తీర్చే మంత్రి మీద. ప్రేమించడం వల్ల తెలివితక్కువ పనులు చేసే ఫ్రెడరిక్‌ని చూసి నవ్వుతాం, ఆ నవ్వులో ప్రేమ ఉంటుంది. ఇంకొకటి, ఆయన అసలు కథని కొద్ది రోజుల్లో ముగించేశాడు. మన కథ ఏప్రిల్ 6న మొదలైతే, ఆగస్టు 12 పొద్దుటికి నవ్వు ఆగిపోవాలి. తెనాలి స్టేషను దాకా వచ్చిన కుర్రాడు ఆ పూట నవ్వించకూడదు. అక్కడ సినిమా తన గొంతు మార్చుకోగలిగితేనే అంతకుముందు నవ్వించినదానికి అర్హత వస్తుంది. అది చెయ్యగల దర్శకులు ఇవాళ మనకి ఉన్నారని నా నమ్మకం.

చరిత్ర పుస్తకాల్లో దాడి తేదీ దొరుకుతుంది, ఓడల లెక్క దొరుకుతుంది. ఆ వారం బెజవాడలో సత్రాల్లో ఎవరు ఎవరికి చోటిచ్చారు, మద్రాసు నుంచి వచ్చిన పిల్లలు పల్లెటూరి బళ్ళో ఏం చదివారు, దీపాలు ఆర్పమన్న రాత్రి పెళ్ళి ఎలా జరిపించారు, ఇవి అక్కడ దొరకవు. ఆనాడు పదేళ్ళ పిల్లలుగా ఉన్నవాళ్ళకి ఇప్పుడు 90 దాటాయి. మీ ఇంట్లో అలాంటి తాతగారో అమ్మమ్మగారో ఉంటే ఈ వారంలోనే దగ్గర కూర్చుని అడగండి. నవ్వొచ్చిన సంగతులు ముందు అడగండి, మిగిలినవి వాటి వెంట అవే వస్తాయి. విన్నది విన్నట్టు, ఊరి పేరుతో సహా రాసిపెట్టండి. మీకు వీలైతే ఈ రేడియో కేంద్రానికి ఒక ప్రతి పంపండి.